మ్రింగుడు పడని ముద్ద

కడపసీమలో సంగటిని నమలి తినుట అరుదు. పులుసులో అద్ది మ్రింగుటయే వాడుక. కమలాపురము వంటి ఊళ్ళలో ఆ ముద్ద గొంతు దిగని మనిషి యున్నచో ఆ ఇంటి కలవరము ఇంతింత కాదు. అతడు పంక్తిలో కూర్చుండుటకు సంకోచించును. పడుకొన్న తరువాత తిన్నది తిరిగి నోటికి వచ్చును. నానాటికి చిక్కిపోవును. ఇట్టి బాధకు కారణములు పెక్కు గలవు. వానిలో నొకటియైన ‘అకలేసియా’ అను వ్యాధికి వైద్యులు చికిత్సను వెదకిన చరిత్రను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

అన్నవాహిక వట్టి గొట్టము కాదు. దాని కండరములు అలవలె ముడుచుకొనుచు ఆహారమును క్రిందికి త్రోయును. జీర్ణకోశపు వాకిట నున్న కండరపు కట్టు అప్పుడు సడలి దారి యిచ్చును. అకలేసియాలో ఆ కట్టును సడలించు నాడీకణములు నశించును. వాకిలి తెరచుకొనదు, అన్నమే కాదు, మంచినీళ్ళు సైతము పైననే నిలిచిపోవును.

1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు ఇట్టి రోగి నొకనిని గూర్చి వ్రాసెను. తిమింగిలము నుండి లభించు వంగెడు పుల్లకు స్పాంజిముక్కను కట్టి, రోగి దానితో అన్నమును తానే క్రిందికి నెట్టుకొనెడివాడు. అట్లు ఏండ్ల తరబడి జీవించెను. 1913లో జర్మనీలో ఎర్నెస్ట్ హెల్లర్ శస్త్రచికిత్స చేసి, ఆ కండరపు కట్టును వెలుపలి నుండి చీల్చెను.

నోటిదారిన లోపలికి చూచు యత్నము వేరుగా సాగినది. 1868లో అడాల్ఫ్ కుస్‌మౌల్ కత్తులు మ్రింగు గారడీవానిచేత తిన్నని గొట్టమును మ్రింగించి చూచెను. ఆ విద్య అందరికి అబ్బునది కాదు కదా! 1957లో అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ సన్నని గాజుపోగుల కట్టతో వంగెడు ఎండోస్కోపును ప్రయోగించుటతో ఆ చిక్కు తొలగినది.

ఈ రెండు దారులను 2008లో జపానులో హరుహిరో ఇనూయె కలిపెను. రోగికి మత్తిచ్చి, నోటిగుండ ఎండోస్కోపును పంపి, అన్నవాహిక లోపలి పొరలో చిన్న గాటు పెట్టి, ఆ పొర క్రిందుగా సొరంగము చేసికొని పోయి, బిగిసిన కండరమును కోయుదురు. పిదప గాటును క్లిప్పులతో మూయుదురు. వెలుపల గాయమే యుండదు. దీనికి ‘పోయెమ్’ అని పేరు.

కర్నూలు వైద్య కళాశాలలో చదివిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాదున నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో, 2013 జనవరి మొదలు 2016 జూను వరకు 408 మందికి ఈ చికిత్సకు పూనుకొనగా, 396 మందికి సాఫల్యముతో ముగిసినది. తెలుగునాట ఇది గణనీయమైన కృషి.

ఐనను ఇది సర్వరోగనివారిణి కాదు. నశించిన నాడీకణములు మరల రావు. వాకిలి మాత్రమే తెరచుకొనును. తెరచిన వాకిటి గుండ ఆమ్లము పైకి ఎగదన్నుటయు కలదు. 221 మంది రోగులపై జరిగి 2019లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, హెల్లర్ పద్ధతికి ఇది తీసిపోదని తేలినది. కాని ఆమ్లపు బాధ దీనిలోనే హెచ్చుగా కనబడినది.

ఒక్కమాట మరువరాదు. మ్రింగుటకు కష్టమగుట అన్నివేళల అకలేసియా కాదు. అన్నవాహికలో పుట్టు క్యాన్సరు కూడ ఇట్లే తలచూపవచ్చును. వాతమనియో, దిష్టియనియో నెలలు గడపక, వెంటనే వైద్యునకు చూపి లోపలి పరీక్ష చేయించుకొనుట క్షేమము. మూడు శతాబ్దములకు పైగా సాగిన శ్రమ యొక్క ఫలము, సకాలమున వైద్యుని చేరినవారికే గదా దక్కునది!