మద్యవిముక్తి సహచర బృందాలు: విజయవాడ, కృష్ణా డెల్టా

తాగుడు మానేసినవాళ్లు, మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని, తమ బాధ చెప్పుకుని, ఒకరికొకరు అండగా నిలిచే బృందాలివి. వీటిలో అన్నిటికంటే విస్తరించినది ఆల్కహాలిక్స్ అనానిమస్. వెళ్లేవాళ్లు ‘ఏఏ’ అంటారు. కృష్ణా డెల్టాలో తాగుడు మీద పోరాటం నూరేళ్ల నాటిది. అయితే అందులో ఎక్కువ పాలు దుకాణం మూయించడానికే పోయింది. మానేసిన మనిషి సాయంత్రం పూట ఎక్కడికి వెళ్లాలన్న సంగతి చాలా ఆలస్యంగా పట్టించుకున్నారు.

సహాయ నిరాకరణ రోజుల్లో కాంగ్రెస్ కార్యకర్తలు కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేశారు. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి డెల్టాతో సహా మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. దానితో జీవనాధారం పోయిన కల్లుగీత కార్మికుల పక్షాన నాయకుడు గౌతు లచ్చన్న నిలిచారు. ఆ వివాదంలోనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలోని టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. విజయవాడలో కృష్ణ మీది బ్యారేజీకి ఉన్నది ఆయన పేరే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. కృష్ణా జిల్లా నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ 1994 డిసెంబరు 12న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమలైన ఆ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆ సారా వ్యతిరేక ఉద్యమం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఏళ్ల తరబడి తాగి ఒళ్లు అలవాటుపడిన మనిషికి దుకాణం మూసినంత మాత్రాన రోగం నయం కాదు. అతడు నాటుసారా వెతుక్కున్నాడు, లేదా పక్క రాష్ట్రం సరుకు కొన్నాడు.

డెల్టాలో ఇంకో పద్ధతి కూడా ఉంది: మాల. భవానీ దీక్షో అయ్యప్ప దీక్షో తీసుకుంటే మండలం రోజులు మందు ముట్టరు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సన్నిధానంలో భజన, తోటి స్వాములతో కలిసి భిక్ష. నిన్నటిదాకా ‘తాగుబోతు’ అన్న వీధే అతన్ని ‘స్వామీ’ అని పిలుస్తుంది. ఆ నలభై ఒక్క రోజులూ మనిషిని పట్టి ఉంచేది భక్తి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న మనుషులు కూడా. మాల తీశాక ఆ మనుషులు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. చాలామంది జారిపోయేది అప్పుడే.

ఏడాది పొడవునా అలాంటి తోడు ఇవ్వడమే ఏఏ పని. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు దాన్ని ప్రారంభించారు. ఇద్దరూ తాగుడుకు బానిసలైనవాళ్లే. 1957లో ఢిల్లీ సమావేశంతో భారతదేశంలో అడుగుపెట్టింది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు లేచి పేరు చెప్పి, ‘నేను తాగుడుకు బానిసని’ అంటారు. పెళ్లాం పుస్తెలు ఎలా తాకట్టు పెట్టిందీ, ఉద్యోగం ఎలా పోయిందీ చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. ‘ఈ ఒక్క రోజు తాగను’ అన్నదే లక్ష్యం. పాతవాళ్లలో ఒకరు కొత్తగా వచ్చినవాడికి పెద్దదిక్కుగా ఉంటారు. రాత్రిపూట మనసు లాగితే ఫోన్ చేయవలసింది ఆయనకే. ఈ పద్ధతి మీద 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ సమీక్ష, పూర్తిగా మానేసి ఉండడంలో ఇది ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్ని చోట్ల మెరుగని తేల్చింది.

అవసరం ఎంతటిదో 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే చెప్పింది. మద్యంతో సమస్య ఉన్నవాళ్లు జనాభాలో పది శాతం దాటిన అయిదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశం మొత్తంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. 2020 జూలైలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

బృందం దొరకడం కష్టమే. పేరు బయటపెట్టకపోవడం ఏఏ నియమం గనుక వీధిలో పెద్ద బోర్డు కనబడదు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలోనో, డీఅడిక్షన్ కేంద్రంలోనో అడగడం దగ్గరి దారి. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ 14416 ఉచితంగా పలుకుతాయి. ముందు డాక్టరును కలవడం ఇంకో కారణానికీ అవసరం: రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ గండం గట్టెక్కించేది వైద్యమే, బృందం కాదు.

ఆడవాళ్లకు ఈ గడప ఇంకా ఎత్తు. తాగే ఆడమనిషి ఈ ప్రాంతంలో సమస్య బయటికి చెప్పుకోవడమే అరుదు. ఇక తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో ఏర్పడిన అల్-అనాన్ వేరుగా నడుస్తుంది. ఏఏలోనూ అందరికీ ప్రవేశమున్న ‘ఓపెన్ మీటింగ్’లు ఉంటాయి. ఇంటాయన రానని మొరాయించినా, వాటికి భార్యో తల్లో ఒక్కరే వెళ్లి కూర్చోవచ్చు.