కోడిపెట్టకు వీరకల్లు లేదు

మా ధర్మపురి సీమ వీరకల్లుల సీమ. ఆలమందలను, ఊరిని కాచి ప్రాణములు విడిచిన వీరులకు పూర్వులు ఇచ్చట రాళ్ళు నిలిపిరి. అట్టివి పట్టణములోని ప్రభుత్వ వస్తు ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. విళుప్పురం జిల్లాలోని అరసలాపురమున మాత్రము ఒక విచిత్రమైన రాయి కలదు. అది మనుష్యునికి నిలిపినది కాదు, పోరాడిన కోడిపుంజునకు నిలిపినది. సుమారు 1500 ఏండ్ల నాటి ఆ రాతిమీద పుంజు బొమ్మయు, అక్షరములును చెక్కబడి యున్నవి. పుంజునకు రాయి దక్కినది. ఇంటిల్లిపాదిని పోషించిన పెట్టకు దక్కలేదు. ఆ పెట్ట చరిత్రను నాలుగు మాటలలో చెప్పుటయే మా ప్రయత్నము.

తెలుగువారి గాథలలోను పుంజుదే పెత్తనము. 12వ శతాబ్దమునాటి పల్నాటి యుద్ధమునకు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపందెము కారణమని చెప్పుదురు. కాకి, డేగ, నెమలి యని ఈకల రంగులనుబట్టి పుంజులకు పేర్లు పెట్టి, ఏ దినమున ఏది గెలుచునో తెలుపుటకు కుక్కుటశాస్త్రమే వెలసినది. దండి దశకుమారచరిత్రలో నారికేళజాతి పుంజు, బలాకజాతి పుంజు పోరాడును. పొడవైన కాళ్ళు, బిగువైన కండ గల అసీలు జాతిని ఆంధ్రదేశమున తరతరములుగా పెంచినది పందెముకొరకే.

గ్రుడ్డు పుట్టుక పందెముకంటె వింతయైనది. పెట్టకు ఎడమవైపు అండాశయము మాత్రమే పనిచేయును. ద్రాక్షగుత్తివలె వ్రేలాడు పచ్చసొనలలో ఒకటి పండి నాళములోనికి జారును. సుమారు 3 గంటలలో దానిచుట్టు తెల్లసొన చేరును. మరి యొక గంటకు పైగా సన్నని పొరలు ఏర్పడును. ఆ పిదప 20 గంటలపాటు సున్నము పేరుకొని పెంకు గట్టిపడును. పని అంతయు ముగియుటకు ఒక దినమునకు మించి పట్టుటచే, పెట్ట నాటినాటికి కొంత ఆలస్యముగా పెట్టుచు, కడపట ఒక దినము మానును. పుంజు లేకున్నను గ్రుడ్డు వచ్చును గాని, దానినుండి పిల్ల రాదు.

నాటుపెట్ట పది పన్నెండు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. అప్పుడు దాని నెత్తుటిలో ప్రొలాక్టిన్ అను హార్మోను హెచ్చి గ్రుడ్లు ఆగిపోవును. 21 దినములు మేతనీళ్ళకు తప్ప గంప దిగదు. పిల్లలు వెలువడిన తరువాత గద్దను చూచి అరచుచు, గింజను చూచి పిలుచుచు వానిని సాకును. అందుచే ఏటికి 60 గ్రుడ్లు దొరకిన గొప్ప.

మా చిన్ననాట మా వాకిట నాలుగు పెట్టలుండెడివి. రాలిన రాగులు, తవుడు, పెరటి పురుగులు వాని మేత. గ్రుడ్లు సంతకు పోయి, చిల్లరయై తిరిగివచ్చి ఉప్పుకుండ వెనుకనున్న డబ్బాలో చేరెడివి. పొలము పంట నాయనది, గ్రుడ్ల డబ్బు అమ్మది. మా యస్.యస్.యల్.సి. పరీక్ష రుసుము కట్టవలసిన వారమున నాయన చేత కాసు లేదు. అమ్మ ఆ డబ్బా బోర్లించినది. మరుసటి వేసవిలో కొక్కెర తెగులు తగిలి పెట్టలన్నియు రెండు దినములలో పోయినవి. అమ్మ గంప కడిగి ఎండబెట్టి, ఆ పూట అన్నము ముట్టలేదు. తరువాత మేము కచ్చేరిలో 30 ఏండ్లు చిట్టాలు, అడంగళ్ళు వ్రాసితిమి. పశుగణనలో కోళ్ళ తలలు లెక్కింతురు. గ్రుడ్ల డబ్బుతో చదివిన పిల్లల లెక్క ఏ పుస్తకములోను లేదు.

ఇంతలో ఇటలీదేశపు లివోర్నో రేవు పేరు మోసిన తెల్ల లెగ్‌హార్న్ మన దేశమున వ్యాపించినది. పొదుగు బుద్ధి గల పెట్టలను ఏరివేయుచు తీర్చిన జాతి అది. దాని సంకర సంతతి ఏటికి 300కు పైగా గ్రుడ్లు పెట్టును. తల్లితనము పోయినచోట గ్రుడ్లు పెరిగినవి. దాని పసుపుపచ్చని కాళ్ళను గూర్చి 2008లో స్వీడను శాస్త్రజ్ఞులు ఒక విశేషము వెల్లడించిరి. కోళ్ళకు మూలము ఎర్ర అడవికోడియే ఐనను, ఆ పసుపు దక్షిణ హిందూదేశపు బూడిదరంగు అడవికోడినుండి సంక్రమించినదట. పరదేశి యనుకొన్న కోడికి మన కొండలతో చుట్టరికము కలదు.

కోళ్ళపెంపకమును పరిశ్రమగా నిలిపినవారిలో తెలుగువారగు డాక్టర్ బి.వి. రావుగారు అగ్రగణ్యులు. వారు 1971లో వేంకటేశ్వర హేచరీస్ నెలకొల్పిరి. గ్రుడ్ల ధర దళారుల చేతిలో నుండగా, 1982లో వారి పూనికచే జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడి, ధర ప్రకటించు అధికారమును రైతులకు తెచ్చినది. ఒకప్పుడు మాతోపాటు సేలం జిల్లాలోనిదగు నామక్కల్లు నేడు గ్రుడ్లపట్టణమని దేశమంతట పేరు గాంచినది. బడిలో మధ్యాహ్న భోజనముతో పేదపిల్లలు గ్రుడ్డు తినుచున్నారనిన, అది ఈ సమృద్ధివలననే. ఈ మేలును కాదనరాదు.

ఐనను గ్రుడ్డు చవుకయైన కొలది ఇల్లాలి డబ్బా వట్టిపోయినది. పెరటికి తగినవని హైదరాబాదులోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు వనరాజ, గ్రామప్రియ రకములను తీర్చిరి. అవి గ్రుడ్లు హెచ్చుగా పెట్టును గాని పొదుగుట అరుదు, కావున పిల్లలను మరల మరల కొనవలెను. పెరడు గల మన సోదరీమణులకు మా విన్నపమిది. మేలురకములను పెంచుడు, తెగులునకు టీకా వేయించుడు, కాని వానితో ఒక్క నాటుపెట్టనైనను ఉంచుకొనుడు. మేలురకపు గ్రుడ్లను దానిక్రింద పెట్టినచో అదియే పొదిగి పిల్లలను సాకగలదు. పెట్టకు రాయి నిలుపనక్కరలేదు, ఒక గంప చాలును.