కోలారు బంగారుగనులు – ఖననవిద్య ఆలస్యముగా నేర్చిన పాఠము

మురుగమల్ల చింతామణి తాలూకాలోని గ్రామము. అమ్మాజాన్ బావాజాన్ దర్గా వలన దాని పేరు దూరప్రాంతముల వారికిని పరిచితము. తెలుగును కన్నడమును కలసిమెలసి యుండు ఈ సీమ 2007 వరకు కోలారు జిల్లాలోనిదే. ఆ సంవత్సరమున చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా యయ్యెను. కావున ఖననశాస్త్రమును అభ్యసింపగోరు ఈ ప్రాంతపు విద్యార్థికి దృష్టాంతము కొరకు దేశాంతరము పోవలసిన పని లేదు. పాత జిల్లాలోని బంగారుగనులే అతనికి తగిన గ్రంథము. అయితే ఆ గ్రంథమునకు కడపటి అధ్యాయము వ్రాయబడలేదు.

ఆ గనుల చరిత్ర పలువురు వ్రాసినదే గనుక ఇచ్చట క్లుప్తముగా చెప్పిన చాలును. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ అచ్చటి గ్రామస్థులు మట్టి కడిగి బంగారము తీయుట గమనించెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థవారు ప్రవేశించిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. తరువాత అవి కేంద్రము చేతికి పోయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అను సంస్థ క్రిందికి వచ్చెను.

శాస్త్రదృష్టితో చూచిన విశేషము గని లోతునందున్నది. చాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల వరకు దిగెను. అంత లోతున రాయి తనపై నున్న బరువును ఓర్వజాలక హఠాత్తుగా పగిలి విరజిమ్మును. దీనినే రాక్‌బర్స్టు అందురు. ఇట్టి పేలుళ్లను లెక్కించుటకై 1912లోనే భూకంపలేఖిని నెలకొల్పిరి. ధాతువును తీసిన ఖాళీలకు మొదట గ్రానైటు రాతికట్టడమును, తరువాత కాంక్రీటును ఆధారముగా నిలిపిరి. ఏ ఖాళీని ముందు త్రవ్వవలెను, దేనిని వెనుక త్రవ్వవలెను అను క్రమము కూలీల ప్రాణములకు సంబంధించిన విషయమని అచ్చటి ఇంజనీర్లు అనుభవముచే గ్రహించిరి. గని ప్రణాళిక యనగా నిజమునకు ఈ క్రమమే. ఈ అనుభవమునుండియే 1988లో జాతీయ శిలాయాంత్రికశాస్త్ర సంస్థ కోలారు గనులలో జనించెను. దక్షిణదేశమున ఖననశాస్త్ర పరిశోధనకు ఇంతటి ప్రయోగశాల వేరొకటి లేకుండెను.

ఈ శాస్త్రమును బోధించు వృత్తికి ఒక ప్రత్యేకత కలదు. ధన్‌బాదులో 1926లో స్థాపితమైన పాఠశాల మొదలు పలు విద్యాలయములు పట్టభద్రులను తయారు చేసినను, 2025 వరకు అమలులోనుండిన 1952 నాటి గనుల చట్టము ననుసరించి పరీక్ష నెగ్గి, గనిలో నిర్ణీతకాలము పనిచేసినవానికి గాని మేనేజరు యోగ్యతాపత్రము లభింపకుండెను. పుస్తకమెరిగి గని యెరుగని ఆచార్యునకు విద్యార్థులలో గౌరవము తక్కువ. ఇది తప్పని చెప్పుటకును వీలులేదు. అయినను చిరకాలము ఆ పాఠ్యక్రమములో దిగుట, త్రవ్వుట, గాలి పంపుట, నీరు తోడుట ఉండెను గాని మూయుట అను విషయమునకు తగిన స్థానము లేకుండెను.

దాని ఫలితము కోలారున కనబడెను. తొలిదశలో టన్ను రాతికి సుమారు 45 గ్రాములు ఇచ్చిన ధాతువు కడకు 3 గ్రాములకు తగ్గెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. పంపులు ఆగగానే నీరు నిండెను. భూమిపై మిగిలినవి సైనైడు దిబ్బలు. వాటి పరిమాణము సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. వేసవిగాలులకు ఆ ధూళి లేచి ఇండ్లమీద పడును. 2003 ఏప్రిల్‌లో ఖనిజ సంరక్షణాభివృద్ధి నియమములు సవరింపబడి, ప్రతి గని ప్రణాళికలోను క్రమక్రమముగా మూయు విధానము, దానికై ఆర్థికహామీ ఉండవలెనని నిర్బంధమయ్యెను. కోలారు మూతపడిన రెండేండ్లకు ఈ నియమము వచ్చినది! ఆ దిబ్బలలో 13 దిబ్బలను తిరిగి త్రవ్వుటకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించెను.

చింతామణి ప్రాంతమున బంగారము లేదు, ఉన్నది రాయి. ఇంటికట్టడపు రాయి చిన్న ఖనిజమగుటచే పై నియమము దానికి వర్తింపదు. చిన్న క్వారీలకును పర్యావరణానుమతి కావలెనని సర్వోన్నత న్యాయస్థానము 2012లో దీపక్ కుమార్ వ్యాజ్యమున నిర్ణయించెను. అయినను 2021 ఫిబ్రవరిలో చిక్కబళ్లాపుర జిల్లా హిరేనాగవల్లి వద్ద క్వారీకి చెందిన జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు మరణించిరి. ఆరు మీటర్లకు మించని లోతు, యాభైమందికి మించని కూలీలు గల క్వారీకి 2025 వరకు అమలులోనుండిన గనుల చట్టములోని పెక్కు నిబంధనలనుండి మినహాయింపు ఉండెను గాని, ప్రేలుడుపదార్థము వాడినచో ఆ మినహాయింపు తొలగిపోయెడిది. అట్టి క్వారీ ఎంత చిన్నదైనను ఆ చట్టము దృష్టిలో గనియే యయ్యెడిది. చాంపియన్ రీఫ్ గనికి వర్తించిన గనుల చట్టమే దానికిని వర్తించెడిది.