రాకాసి గుడికి కొడవలెందుకు?

మాది మేళ్లచెరువు. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. రాయిని పగలగొట్టడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. రాయిని పదిలంగా మోసుకొచ్చి మళ్ళీ పేర్చడం మాత్రం నాగార్జునకొండ మీదే చూశాను. లాంచీ దిగినవాళ్ళంతా బుద్ధుణ్ణి చూడాలని మ్యూజియం వైపు నడిచారు. మాకు దారి చూపిస్తున్న పెద్దాయన ముందు ఒక సమాధి దగ్గర ఆపాడు.

"మీ దిక్కు రాకాసి గుళ్ళంటరు గదా, గివే."

అంటాం. చెలకల్లో గుండ్రంగా పేర్చిన గుండ్లు, నడుమ పదిమంది పట్టినా కదలని మూతబండ కనబడితే, అది మనిషి పని కాదనుకుని రాకాసులకు అంటగట్టారు మన పెద్దలు. కొన్నిచోట్ల పాండవ గుళ్ళన్నారు.

వీటిని తొలిరోజుల్లో తవ్వి చూసినవాడు మెడోస్ టేలర్. నిజాం కొలువులో ఉన్న ఇంగ్లీషువాడు. 1850ల్లో సురపురం సీమలో కొన్నిటిని తెరిపిస్తే ఎముకలు, కుండలు, ఇనుప సామాను బయటపడ్డాయి. చూస్తే అచ్చం వాళ్ళ దేశపు పాత సమాధుల్లాగే ఉన్నాయి. దాంతో ఇవి సిథియన్లవో, కెల్టులవో అయి ఉంటాయని రాశాడు. రాకాసులు పోయి వలసవాళ్ళు వచ్చారు. ఈ నేల దున్నినవాళ్ళే కట్టుకున్నారేమో అన్న మాటకు చాలాకాలం చోటు దొరకలేదు.

1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పొరలు పొరలుగా తవ్వించి, ఈ సమాధులు కొత్తరాతియుగం తర్వాతివి, శాతవాహనులకు ముందువి అని వరస తేల్చాడు. ఆ తర్వాత కార్బన్ పరీక్షలు దక్షిణాదిలో వీటిలో పాతవి సుమారు 3,000 ఏళ్ళ కిందటివని చూపాయి.

నాకైతే ఇది మనిషి పనే అనడానికి ఈ సమాధుల్లోని కుండలు చాలు. మూతి, లోపలి భాగం నలుపు, ఒళ్ళు ఎరుపు. అది పూసిన రంగు కాదు. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగిలినచోట మట్టి ఎర్రబడుతుంది, గాలి ఆడనిచోట నల్లబడుతుంది. ఆ కిటుకు తెలిసిన కుమ్మరి ఉన్నాడు. ఇనుము కాచి సాగగొట్టిన కమ్మరి ఉన్నాడు. బాణపు ములుకుల పక్కన కొడవళ్ళూ దొరికాయి. రాకాసికి కొడవలితో ఏం పని? పైరు కోసిన మనిషికి అతని పనిముట్టు పక్కన పెట్టి సాగనంపారు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాది పడింది. నాగార్జునకొండ లోయ మునుగుతుందని అప్పటికే 1954లో మొదలైన తవ్వకాలు 1960 దాకా సాగాయి. విహారాలతో, స్తూపాలతో పాటు ఈ పేరులేని మనిషి రాళ్ళను కూడా కొండెక్కించాలని అనుకున్నవాళ్ళకు నేను దండం పెడతాను.

ఎస్తోనియాలోనూ ఇలాగే జరిగింది. 1980లలో టాల్లిన్ దగ్గర యోలాహ్త్మెలో రోడ్డు పనుల్లో 36 సమాధులు బయటపడ్డాయి. క్రీ.పూ. 8-7 శతాబ్దాలవి. చుట్టూ రాళ్ళ వలయం, నడుమ రాతిపెట్టె. వాటినీ తవ్వి, పక్కకు జరిపి మళ్ళీ పేర్చారు. టేలర్ చూసుంటే ఇంకో వలస కథ అల్లేవాడేమో. పోయినవాళ్ళ చుట్టూ నాలుగు రాళ్ళు పేర్చడం ఒకరు వచ్చి నేర్పాలా?

తిరుగు లాంచీలో పెద్దాయన నీళ్ళకేసి చెయ్యి చూపించాడు. నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలోనూ ఇలాంటి సమాధులే తవ్వారు. ఆ ఊరు ఇప్పుడు ఈ నీళ్ళ కిందే ఉంది.