క్రొత్త యంత్రము - ప్రాత లెక్కలు

క్రొత్త యింట పాలు పొంగించుట ఒక్క పూట పని. ప్రాత యింటిలోని సామానునంతటిని తెచ్చి సర్ది, ఏ వస్తువు ఎచ్చట నున్నదో ఇంటిల్లిపాదికిని తెలియునట్లు చేయుటకు నెలలు పట్టును. ఒక కంప్యూటరును విడిచి మరియొక విధమైన కంప్యూటరునకు మారిన సంస్థల అనుభవము కూడ ఇట్టిదే. యంత్రము వచ్చి దిగిన దినము చరిత్ర కెక్కును. దానియందు పని కుదురుకొన్న దినమును మాత్రము ఎవ్వరును వ్రాసి పెట్టరు. ఇట్టి మార్పులలో మిక్కిలి పెద్దదియు, మిక్కిలి బోధ గలదియు నగు నొకటి 1964 ప్రాంతమున అమెరికాలో సంభవించినది. దాని ఫలము ముప్పదియైదేండ్లకు మన హైదరాబాదు వీధుల వరకును వచ్చినది.

1959 అక్టోబరులో ఐ.బి.ఎం. సంస్థ 1401 అను కంప్యూటరును ప్రకటించెను. అంతకు పూర్వము బ్యాంకులు, బీమా సంస్థలు, కర్మాగారములు చాల భాగము తమ లెక్కలను చిల్లులు పొడిచిన కార్డులతో నడుపుకొనుచుండెడివి. 1401 యంత్రము అద్దె నెలకు 2,500 డాలర్ల నుండి ఆరంభమయ్యెను. దానితోపాటు వచ్చిన 1403 అను ముద్రణ యంత్రము నిమిషమునకు 600 పంక్తులు అచ్చువేసెడిది. జీతముల పట్టీ వ్రాయు గుమాస్తాకు ఇది అద్భుతముగనే తోచియుండును. ఈ యంత్రములు పదివేలకు పైగా తయారై, దేశదేశముల కార్యాలయములలో నెలకొనెను.

అయితే ఒక చిక్కు కలదు. అదే సంస్థ శాస్త్రజ్ఞుల కొరకు తయారుచేసిన 7090 యంత్రము 36 ద్వ్యంకములను ఒక్క మాటగా గ్రహించి లెక్కించును. వర్తకుల కొరకు చేసిన 1401 మన దశాంశ పద్ధతిలో ఒక్కొక్క అంకెనే తీసికొని కూడును. ఒకదాని కొరకు వ్రాసిన ప్రోగ్రాము రెండవదానికి అర్థము కాదు. వ్యాపారము పెరిగి చిన్న యంత్రము చాలనప్పుడు, పెద్ద యంత్రమును తెచ్చుకొని, ప్రోగ్రాములన్నిటిని మొదటి నుండి తిరిగి వ్రాసికొనవలసినదే. యంత్రమునకు డబ్బు చెల్లించిన చాలును. ప్రోగ్రాములో నున్నది మాత్రము మనుష్యుల ఆలోచన; ఏ ఉద్యోగికి ఏ భత్యము కలదో, ఏ బాకీకి ఏ వడ్డీ పడునో సంవత్సరముల తరబడి తెలిసికొని కూర్చిన జ్ఞానము. అది పోయినచో మరల సంపాదించుట కష్టము.

ఈ చిక్కును తీర్చుటకై ఐ.బి.ఎం. నియమించిన సంఘము 1961 డిసెంబరులో తన నివేదిక నిచ్చెను. చిన్నవి, పెద్దవి, వర్తకులవి, శాస్త్రజ్ఞులవి అను భేదము లేక, యంత్రములన్నియు ఒక్క కుటుంబమునకు చెందవలెననియు, ఒకే భాషను గ్రహింపవలెననియు దాని సారాంశము. జీన్ ఆమ్‌డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడ్ బ్రూక్స్ మున్నగువారు ఆ కుటుంబమునకు రూపము కల్పించిరి. 1964 ఏప్రిల్ 7వ తేదీన సిస్టం/360 అను పేర అది ప్రకటింపబడెను. వృత్తమునకు 360 డిగ్రీలు గదా, సర్వావసరములను చుట్టివచ్చునని ఆ పేరులోని భావము. ఈ ప్రయత్నమునకైన వ్యయము 500 కోట్ల డాలర్లని అంచనా.

ఇక్కడ ఒక విచిత్రము గమనింపదగినది. క్రొత్త కుటుంబములోని యంత్రములు పరస్పరము బంధువులే కాని, వేలకొలది కార్యాలయములలో అప్పటికే పనిచేయుచున్న 1401 మాత్రము వాటికి పరాయిది. 1963 డిసెంబరులో హనీవెల్ సంస్థ, 1401 ప్రోగ్రాములను మార్చుకొని నడుపగల 200 అను యంత్రమును ప్రకటించి, ఖాతాదారులను తనవైపునకు పిలిచెను. ఐ.బి.ఎం.లోనే కొందరు, క్రొత్త కుటుంబమునకు బదులుగా ప్రాత 1401నే మరింత వేగముగా పనిచేయునట్లు చేయుట మేలని వాదించిరి.

ఈ సంకటము నుండి గట్టెక్కించినది కేంబ్రిడ్జికి చెందిన మారిస్ విల్క్స్ 1951లో ప్రతిపాదించిన సూక్ష్మ ప్రోగ్రాముల పద్ధతి. యంత్రము పాటించు ఒక్కొక్క ఆజ్ఞను, లోపల దాచిన చిన్న చిన్న ఆదేశముల వరుసగా వ్రాసిపెట్టుటయే ఆ పద్ధతి. అట్టి ఆదేశములను మరియొక వరుసగా వ్రాసి లోపల నుంచినచో, అదే యంత్రము మరియొక భాషను కూడ గ్రహింపగలదు. క్రొత్త దొరతనమున ప్రాత ప్రజల మొర విన్నవించు దుబాసీ వంటి దీ యేర్పాటు. సిస్టం/360లోని చిన్న నమూనాయైన 30, ఈ దుబాసీ సహాయమున 1401 ప్రోగ్రాములను ఒక్క అక్షరము మార్చకుండ నడిపెను. అంతే కాదు, 1401 కంటె వేగముగా నడిపెను. మొదటి నెలలోనే వేయికి పైగా యంత్రములకు కోరికలు వచ్చుటలో వింత యేమున్నది!

కాని ఈ సౌకర్యమే కొందరికి బంధనమైనది. దుబాసీ యున్నాడు గదా యని, ఎన్నో సంస్థలు ఏండ్ల తరబడి ప్రాత ప్రోగ్రాములతోనే కాలము గడపెను. 1970లో సిస్టం/370 వచ్చినప్పుడు దానికి కూడ 1401 దుబాసీని అమర్చవలసివచ్చెను. వారికి దక్కినది వేగము మాత్రమే. క్రొత్త యంత్రముతోపాటు డిస్కులు వచ్చినవి. టేపు మీద ఒక ఖాతాదారుని వివరము కావలెనన్న, అంతకు ముందున్న వివరములన్నిటిని దాటుకొని పోవలెను. డిస్కు మీద నేరుగా దానినే అందుకొనవచ్చును. ఆ సదుపాయము తెలిసి తమ పని తీరునే మార్చుకొన్నవారు, నాటి ప్రశ్నకు నాడే బదులు చెప్పగలిగిరి. ప్రాత ప్రోగ్రాము నట్లే ఉంచుకొన్నవారు డిస్కును కూడ టేపువలెనే మొదటి నుండి చివరి వరకు చదువుచుండిరి.

పూర్తిగా మారదలచినవారికి కూడ దారి పూలబాట కాలేదు. ఈ యంత్రములకు ప్రాణమువంటి ఓఎస్/360 అను నిర్వహణ వ్యవస్థ అనుకొన్న గడువునకు సిద్ధము కాలేదు. ఆ పనికి నాయకత్వము వహించిన బ్రూక్స్, 1975లో ప్రకటించిన గ్రంథమున, ఆలస్యమైన ప్రోగ్రాము పనికి మనుష్యులను చేర్చిన కొలది అది మరింత ఆలస్యమగునని తన అనుభవమును వివరించెను. వచ్చినవారికి పని నేర్పువారు, పని చేయవలసినవారే గదా!

ఈ చరిత్రతో మనకేమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. చిల్లుల కార్డులో ఒక వరుసకు 80 గడులే ఉండెడివి. జ్ఞాపకస్థలమును వెలగలది. అందుచేత సంవత్సరమును వ్రాయునపుడు 19ని విడిచి, చివరి రెండంకెలనే వ్రాయు అలవాటు ఏర్పడెను. యంత్రములు మారినను ఆ అలవాటు ప్రోగ్రాముల వెంట నడిచివచ్చి, 2000వ సంవత్సరమునకు ముందు ప్రపంచమును కలవరపెట్టెను. 00 అన్నచో 1900 అని యంత్రము భ్రమపడునేమోనను భయమున, కోట్లకొలది పంక్తులను వెదకి సవరింపవలసి వచ్చెను. 1990ల చివరి భాగమున హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయములలో మన యువకులు కోబాల్ భాషతోపాటు జేసీఎల్ అను ఆదేశ భాషను నేర్చుకొనిరి. ఆ జేసీఎల్ ఓఎస్/360తో పుట్టినదే. దానిని నేర్చి సముద్రములు దాటిన తెలుగువారు ఎందరో! తండ్రుల కాలమునాటి అమెరికా గుమాస్తాల పొదుపు, ఇచ్చటి పిల్లలకు జీవనాధారమైనది.

క్రొత్త యంత్రమునకు మారు ప్రతి కార్యాలయమునకు ఈ చరిత్ర రెండు మాటలు చెప్పుచున్నది. ప్రాత పని నిలిచిపోకుండ దుబాసీ నుంచుకొనుట వివేకము. కాని అతనికి సెలవిచ్చు దినమును ముందుగనే నిర్ణయించుకొనవలెను. రెండవది, ఏ లెక్కను ఎందుకట్లు చేయుచున్నారో, తెలిసినవారు ఉద్యోగములో ఉండగనే వ్రాయించి పెట్టుకొనవలెను. యంత్రము పాడైనచో మరియొకటి కొనవచ్చును. ముప్పది యేండ్లు జీతముల పట్టీ చూచిన గుమాస్తా పదవీ విరమణ చేసి వెళ్ళిన తరువాత, ఆయనకు తెలిసినదానిని ఏ అంగడిలోను కొనలేము.