గోడ కన్న ఇసుకతీరం

డబ్లిన్ వాసులు 'డాలియర్' అని ముద్దుగా పిలుచుకునే సముద్రతీరం ఒకటుంది. అసలు పేరు డాలీమౌంట్ స్ట్రాండ్. అది బుల్ ద్వీపానికి సముద్రంవైపు అంచు. ఐర్లండు రాజధాని నగరపు హద్దుల్లోనే ఉంది గానీ, చూడబోతే అడవి తీరమే. ఒక పాత చెక్కవంతెన దాటితే చాలు, ఐదు కిలోమీటర్ల ఇసుక, గడ్డి మొలిచిన దిబ్బలు, వాటి వెనుక ఉప్పునీటి పర్రలు కనబడతాయి. ఇసుక మీదికి వెళ్ళడానికి టికెట్టు లేదు, గేటు లేదు. ఫ్లాస్కులో టీ, కాగితంలో చుట్టిన రొట్టెముక్కలు, ఒక పాత దుప్పటి పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని తరతరాల డబ్లిన్ కుటుంబాలు ఆదివారాలు గడిపింది ఇక్కడే.

ఇంత ఆదిమంగా కనిపించే ఈ తీరం వయస్సు రెండువందల ఏళ్ళు మాత్రమే అంటే నమ్మబుద్ధి కాదు. 1800 నాటికి అక్కడ ఉన్నది పోటుకు మునిగి, ఆటుకు తేలే ఇసుకమేట. దానినే నార్త్ బుల్ అనేవారు. ద్వీపం ఆ తరువాత పుట్టింది. ఎవరూ దానిని కోరుకోలేదు, ఎవరూ దానికి ప్రణాళిక గీయలేదు.

కథంతా రేవుది. డబ్లిన్ అఖాతం లోతు తక్కువ. లిఫీ నది సముద్రంలో కలిసేచోట ఇసుక అడ్డంగా మేటవేసి, ఆటువేళ ఆరడుగుల లోతుకు మించి నీరుండేది కాదు. ఓడలు పోటుకోసం బయటే కాచుకోవలసి వచ్చేది. గాలివాన వస్తే అంతే సంగతులు. దక్షిణాన 1795 నాటికి ఒక పొడవాటి గోడ కట్టారు గానీ సమస్య తీరలేదు. ఆ దశలో అఖాతాన్ని సర్వే చేయడానికి వచ్చినవాడు కెప్టెన్ విలియం బ్లై. 1789 లో బౌంటీ ఓడ నావికులు తిరుగుబాటు చేసి, చిన్న పడవలో సముద్రం మీద వదిలేశారే, ఆ బ్లై ఇతడే. 1800-1801 ల మధ్య అఖాతాన్ని కొలిచి మంచి పటం తయారుచేశాడు. ఉత్తరాన కూడా ఒక గోడ ఉండాలన్నాడు. అందుకే ఈనాటికీ చాలామంది ఆ గోడను బ్లై కట్టించాడనే చెబుతారు. నిజానికి అతడు సూచించిన గోడ వేరు. 1825 నాటికి పూర్తయిన గోడ రూపకల్పనలో జార్జి హాల్పిన్, ఫ్రాన్సిస్ గైల్స్ అనే ఇంజనీర్ల పాత్ర పెద్దది.

ఆ గోడ పనిచేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. సముద్రంవైపు చివరిభాగాన్ని కావాలనే ఎత్తు తగ్గించి కట్టారు. నిండు పోటులో అది మునిగిపోతుంది. ఆటు మొదలైనప్పుడు నీరు దాని మీదుగా పొర్లి తీరుబడిగా వెనక్కి మళ్ళుతుంది. మట్టం సగానికి దిగాక గోడ బయటపడుతుంది. అప్పుడు మిగిలిన నీరంతా రెండు గోడల నడుమ ఇరుకుదారిన దూసుకుపోతూ అడుగున ఉన్న ఇసుకను కోసుకుపోతుంది. తవ్వేది సముద్రమే, కూలి ఇవ్వనక్కరలేదు. 1873 నాటికి లోతు ఆరడుగుల నుంచి పదహారడుగులకు పెరిగింది.

మరి కోసుకుపోయిన ఇసుక ఏమైంది? చాలావరకు గోడకు ఉత్తరాన మేటవేసింది. మేట మీద గడ్డి మొలిచింది, గడ్డి మరింత ఇసుకను పట్టింది, దిబ్బ లేచింది. అలా ఒక ద్వీపం ఏర్పడింది. ఓడలకోసం పెట్టిన ఖర్చుకు నగరానికి దక్కిన కొసరు అది.

ఇది చదువుతుంటే మన మద్రాసు గుర్తుకు రాక మానదు. తెలుగువాళ్ళలో ఎందరో సాయంత్రాలు గడిపిన మెరీనా ఇసుక కూడా ఇలా వచ్చినదే. పందొమ్మిదవ శతాబ్దం చివర రేవు గోడలు కట్టాక, తీరం వెంట ఉత్తరంగా కదిలే ఇసుక వాటికి దక్షిణాన ఆగిపోయి, ఏటికేడు తీరం వెడల్పయింది. 1880ల్లో గవర్నరు గ్రాంట్ డఫ్ అక్కడ విహారమార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. అయితే రేవుకు ఉత్తరాన రాయపురం వైపు సముద్రం నేలను కోసింది. ఒకరికి దక్కిన ఇసుక ఇంకొకరి వాకిట్లోంచి పోయింది. కాబట్టి ఉచితం అనేమాటను కాస్త జాగ్రత్తగా వాడాలి.

తిరిగి డబ్లిన్‌కు వద్దాం. ఆ ఇసుక ఎవరికి అవసరమైందో తెలియాలంటే నగరంలోని ఇళ్ళను చూడాలి. 1913 లో ఇళ్ళ పరిస్థితిపై జరిగిన విచారణలో, ఇరవైవేలకు పైగా కుటుంబాలు ఒక్కొక్క గదిలోనే కాపురముంటున్నాయని తేలింది. ఒకే గదిలో వంట, పడక, జబ్బు, పురుడు, చావు. అలాంటి ఇంట్లోని పిల్లలకు ఐదు కిలోమీటర్ల ఖాళీ ఇసుక అంటే ఏమిటో మనం ఊహించుకోవచ్చు. 1900 నుంచి హోత్ దాకా నడిచిన ట్రాము డాలీమౌంట్ మీదుగానే పోయేది. 1941 లో అది ఆగిపోయాక బస్సులు వచ్చాయి. ఖర్చల్లా ఆ ప్రయాణానిదే, అదీ లేనివాళ్ళు నడిచేవారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. 1930ల్లో గోడవెంట స్నానాలకు వచ్చేవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి కాంక్రీటు చావిళ్ళు కట్టారు. వాటిని రూపొందించినవాడు హెర్బర్ట్ సిమ్స్, నగరపాలక సంస్థలో గృహనిర్మాణ వాస్తుశిల్పి. పేదల మురికివాడలను తీసి ఫ్లాట్లు కట్టించినది కూడా ఆయనే. ఒకే చెయ్యి ఇంటిని గీసింది, ఇంటి నుంచి ఒకరోజు తప్పించుకునే చోటునూ గీసింది. సాహిత్యాభిమానులకు ఈ తీరం మరోరకంగా పరిచయం. 1916 లో వెలువడిన జాయిస్ నవలలో యువ స్టీఫెన్ తాను కళాకారుడు కావాలని గ్రహించేది ఈ చెక్కవంతెన దాటి, ఈ ఇసుక మీదికి వచ్చాకనే.

అయితే ఇసుక పుట్టగానే ఆశలూ పుట్టాయి. 1889 లో ఒక గోల్ఫ్ క్లబ్బు వచ్చి దిబ్బలలో కొంత భాగం తీసుకుంది, 1921 లో రెండోది వచ్చింది. ద్వీపానికీ ఒడ్డుకూ మధ్యనున్న పర్రకు ఆనకట్ట వేసి, 'నీలి మడుగు' అనే విహార సరస్సుగా మార్చాలన్న పథకాలు ఇరవయ్యో శతాబ్దంలో తలెత్తాయి, నెరవేరలేదు. పి.జి. కెన్నెడీ అనే జెసూట్ ఫాదరు, ఆయనతోపాటి పక్షిప్రేమికులు పట్టుబట్టడంతో 1931 లో ద్వీపం పక్షుల రక్షితస్థలమైంది. 1981 లో యునెస్కో దీన్ని జీవావరణ కేంద్రంగా గుర్తించింది. 2015 లో ఆ గుర్తింపును డబ్లిన్ అఖాతమంతటికీ విస్తరించారు. శీతాకాలంలో ఆర్కిటిక్ కెనడా నుంచి వేలమైళ్ళు ఎగిరివచ్చే బ్రెంట్ బాతులు ఇక్కడి గడ్డి మేసి చలికాలం గడుపుకుని పోతాయి. వాటికీ ప్రవేశం ఉచితమే.

అలాగని అంతా క్షేమమనుకోరాదు. 1964 లో ద్వీపం నడిమికి కార్లు పోయే కట్ట వేశారు. అది పర్రను రెండుగా చీల్చింది, నీటి రాకపోకలు తగ్గి బురద మేటవేసింది. ఒకప్పుడు ఈ ఇసుకలోనే గుడ్లుపెట్టిన చిన్న టెర్న్ పిట్టలు, మనుషుల తాకిడికి, కుక్కల పరుగులకు తట్టుకోలేక ఇక్కడ పిల్లలు చేయడం మానేశాయి. తీరం అందరిదీ అయినప్పుడు, ఆ అందరిలో నోరులేని వాటి వాటా ముందుగా తరిగిపోతుంది.

ఈ తీరాన్ని సముద్రం ఒక గోడ సాయంతో ఇచ్చింది, నిజమే. కానీ అది రెండువందల ఏళ్ళ తరువాత కూడా టికెట్టు లేకుండా మిగిలి ఉన్నదంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు "ఇది ఇలాగే ఉండనివ్వండి" అని అడ్డుపడబట్టే. పిల్లవాడి చేతికి ఒక డబ్బా, ఒక చిన్న పార ఇచ్చి ఇసుకలో వదిలే తండ్రికి ఈ చరిత్ర తెలియనవసరం లేదు. కానీ ఆ పిల్లవాడు పెద్దవాడై తన పిల్లలను అక్కడికే తీసుకురాగలగాలంటే మాత్రం, ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి.