రూపకల్పన యెవరి చేతిలో?

సాహిత్యంలో వస్తువు ప్రధానమా, రూపం ప్రధానమా అని మనం చాలాకాలం వాదించుకున్నాం. కాని మనం కూర్చునే కుర్చీకీ, చేతిలోని ఫోనుకూ రూపమిచ్చేవారి విషయంలో ఆ చర్చ చెయ్యలేదు. లోకమంతా ఒకే వలలో చిక్కుకున్న యీ రోజుల్లో అది అత్యవసరమని నా అభిప్రాయం.

రూపకల్పనను శాస్త్రీయ విద్యగా నిలబెట్టిన సంస్థలలో బౌహౌస్ ముఖ్యమైనది. 1919లో జర్మనీలోని వైమార్‌లో పుట్టి, 1933లో నాజీల వత్తిడికి అది మూతపడింది. 1953లో మొదలైన వుల్మ్ విద్యాలయం 1968లో ఆగిపోయేలోగా, రూపకర్త దృష్టిని విడి వస్తువు నుంచి మొత్తం వ్యవస్థ వైపు మళ్ళించింది.

యీ దృష్టికి రాజకీయ పరీక్ష చిలీలో జరిగింది. వుల్మ్‌లో చదివి అక్కడే బోధించిన గుయ్ బోన్‌సీపే 1968లో ఆ దేశం చేరాడు. 1970లో అయెందే ప్రభుత్వం యేర్పడి పరిశ్రమలను జాతీయం చెయ్యసాగింది. వాటి నిర్వహణకు సాయపడమని 1971లో ఫెర్నాండో ఫ్లోరెస్ బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు స్టాఫర్డ్ బీర్‌ను కోరాడు. అలా పుట్టిందే సైబర్‌సిన్ పథకం. కర్మాగారాల లెక్కలు టెలెక్స్ మీద శాంటియాగో చేరాలి, కంప్యూటరు వాటిని పరిశీలించాలి. యెక్కడైనా లోపం కనిపిస్తే కబురు ముందు ఆ కర్మాగారానికే అందాలి. గడువులోగా సర్దుకోకపోతేనే పైవారికి చేరాలి. కార్యకలాపాలను చూడడానికి బోన్‌సీపే బృందం 7 కుర్చీల గది ఒకటి రూపొందించింది.

1972 అక్టోబరులో లారీ యజమానులు రవాణాను స్తంభింపజేసినప్పుడు ఆ గది యింకా సిద్ధం కాలేదు. మిగిలిన కొద్ది లారీలను యెటు నడపాలో తేల్చడానికి అక్కరకు వచ్చినవి టెలెక్స్ యంత్రాలే. 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్ర ప్రభుత్వాన్నీ, పథకాన్నీ కూల్చింది.

అయితే వీరారాధన విమర్శ కాదు. ఆ కుర్చీలకు టైపు మీటలు లేవు, చేతిపట్టుమీద పెద్ద బొత్తాలున్నాయి. టైపు రానివారు కూడా వాడుకోవాలన్నది ఒక కారణం. టైపు ఆడవారి పని అన్న భావం మరొకటి. తెరలమీది పటాలను చేతితో గీసిన నలుగురూ స్త్రీలే. కర్మాగారాల నమూనాలను యింజనీర్లు తయారుచేశారు. కార్మికుల మాటకు వాటిలో చోటు స్వల్పం. సమసమాజం కోరిన గదిలో సైతం పాత సమాజం కూర్చునే వుంది.

అయినా ఆ గడువు నియమాన్ని మనం మరువరాదు. నేడు హైదరాబాదు వీధుల్లో భోజనం పొట్లాలు మోసే యువకుడి ప్రతి కదలికా కంపెనీకి తెలుస్తుంది. అతనికి పనినీ, కూలినీ పంచే లెక్క మాత్రం అతనికి కనపడదు. వల ఒకటే, సమాచారం పారే దిశ వేరు. ఆ దిశను నిర్ణయించడమే నేటి రూపకల్పన. వస్తువు అందం గురించి ఆలోచించడంతో రూపకర్త బాధ్యత తీరదు. ఆ లెక్కను చూసే హక్కు, ప్రశ్నించే హక్కు, మార్చే హక్కు పనిచేసేవాడికి వున్నాయా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. రూపకల్పన నేర్పే మన కళాశాలల్లో తొలిపాఠం యిదే కావాలని నేను కోరుతున్నాను.